రెండు సంచులు, ఒకే పేరు

నన్ను వెనకాల 'మిరపకాయ' అనేవాళ్ళు. నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను, ఎందుకంటే ఆ పేరు వల్ల పనులు తొందరగా అయ్యేవి. గ్రూపు రాయకుండా చీటీ పంపిన హౌస్ సర్జన్‌ను గానీ, సీసాలు కడగకుండా బల్ల మీద వదిలేసిన ఆయాను గానీ, "మా పిలగానికి రక్తం దీస్తే సచ్చిపోతడు" అని గుండెలు బాదుకునే అవ్వను గానీ, ఎవరినీ విడిచిపెట్టేదాన్ని కాదు. "నీ నోరు మంచిదైతే ఊరు మంచిదైతది బిడ్డా" అని మా అమ్మ చెప్పీ చెప్పీ అలిసిపోయింది. ఎనభైల తొలి ఏళ్ళలో వరంగల్‌లోని ఒక దవాఖాన బ్లడ్ బ్యాంకులో నేను టెక్నీషియన్‌ని. దవాఖాన పేరు అనవసరం, అక్కడి మనుషుల పేర్లూ రాయను. తప్పు నాది. నా నోరు ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది.

ఆమెను నెక్కొండ అవతలి పల్లె నుంచి భర్త రైల్లో తీసుకొచ్చాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఇద్దరు పిల్లల్ని అత్త దగ్గర వదిలి వచ్చింది. మొదట నోట్లో పుండ్లు లేచాయట. తర్వాత ఒళ్ళంతా నీటి పొక్కులు. తల్లి పోసిందనుకుని నెల రోజులు వేపమండల మీద పడుకోబెట్టారు, అమ్మవారికి చల్ల ముంత మొక్కారు. తల్లి దిగిపోలేదు. అది అమ్మవారు కాదు, పెంఫిగస్ అనే జబ్బు. పొక్కు పగిలితే కింద తోలు ఉండదు, పచ్చి మాంసమే. దుప్పటి మీద పడుకోబెడితే దుప్పటికి అంటుకుని చర్మం ఊడి వచ్చేది. అందుకని అరటి ఆకులు పరిచి, వాటికి నూనె రాసి పడుకోబెట్టేవాళ్ళు. ఆ ఆకుల కోసం భర్త రోజూ పొద్దున్నే అద్దె సైకిలు మీద మడికొండ దాకా వెళ్ళి, తోటల్లో అడుక్కుని కట్ట కట్టుకుని వచ్చేవాడు.

మందుబిళ్ళలు ఎంత పెంచినా పొక్కులు ఆగలేదు. పైగా షుగర్ వచ్చింది, జ్వరం పట్టుకుంది. చర్మం డాక్టరు సన్నగా, కుర్రవాడిలా ఉండేవాడు. ఒకరోజు చేతిలో ఏదో ఇంగ్లీషు పత్రిక పట్టుకుని మా గదిలోకి వచ్చాడు.

"అక్కా, ఆమె రక్తంల పచ్చటి నీళ్ళుంటయి చూడు, ప్లాస్మా, అండ్లనే ఉంది ఇసం. అదే పోయి ఆమె తోలును కొరుకుతాంది. ఆ నీళ్ళు తీసి పారేసి, ఎర్ర కణాలు మళ్ల ఆమెకే ఎక్కియ్యాలె. పోయిన నీళ్ళ బదులు మంచోళ్ళ ప్లాస్మా ఇయ్యాలె."

"దానికి మిషన్ ఉంటదట గద సార్?"

"ఉంటది. బొంబాయిల. మనకాడ మిషన్ నువ్వే."

నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. పని ఇలా ఉండేది. ఆమె చేతి నుంచి ఒక సంచి రక్తం తీయాలి. దాన్ని మా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి. పిండి మర రోజంతా అరిచినట్టు అరుస్తుందని దాన్ని మేము గిర్నీ అనేవాళ్ళం. అరగంట తిరిగితే కణాలు అడుగుకు దిగి, నీళ్ళు పైకి తేలతాయి. ఆ నీళ్ళను ఇంకో సంచిలోకి పిండేసి, మిగిలిన చిక్కటి ఎరుపును సెలైన్‌తో కలిపి ఆమెకే తిరిగి పెట్టాలి. ఆ తర్వాత రెండో సంచి. రోజు విడిచి రోజు, మొత్తం ఆరు సార్లు. మధ్యలో ఆపితే జబ్బు రెట్టింపై తిరగబడుతుందని సారు ముందే చెప్పాడు. "మొదలువెడితే ఆరు నిండాలె. లేకుంటే ఆమె దక్కది" అన్నాడు భర్తతో. అతను తలూపాడు. ప్లాస్మా కోసం తను రక్తమిచ్చాడు, ఊరి నుంచి ఇద్దరు తమ్ముళ్ళను పిలిపించి వాళ్ళతోనూ ఇప్పించాడు.

నర్సులకు ఈ కొత్త పని మీద నమ్మకం లేదు. సంచి తీసుకెళ్ళి పెట్టే పని కూడా నాకే అప్పజెప్పాడు సారు. పెట్టేముందు మనిషిని పేరు అడగాలి, భర్త పేరు అడగాలి, సంచి మీద ప్లాస్టర్ పట్టీకి రాసిన పేర్లతో, గ్రూపుతో, కేస్ షీట్‌తో సరి చూడాలి. మా వైపు ఒక్కో దేవత పేరు ఊరికి పదిమంది ఆడవాళ్ళకు ఉంటుంది. మా చర్చిలోనూ అంతే, ఒక పేరు పెట్టి పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. అందుకే ఆడవాళ్ళకు భర్త పేరే గుర్తు.

మొదటి రోజు ఆమెను అడిగాను.

"నీ పేరేంది?"

చెప్పింది, గాలి మాటలా. నోటి నిండా పుండ్లు.

"మీ ఆయన పేరు?"

తల దించుకుంది.

"మీ ఆయన పేరమ్మా? ఇనవడ్తలేదా?"

పక్క మంచం మీది ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మొగని పేరు ఎట్ల దీస్తది బిడ్డా?"

నాకు ఒళ్ళు మండింది. అవతల గదిలో ప్లాస్మా ఉన్న మంచు పెట్టె తెరిచిపెట్టి వచ్చాను. "చెప్తే నోట్లకెల్లి ముత్యాలు రాల్తయా? పేరు చెప్పకపోతే నేను సంచి పెట్ట. నీ సిగ్గు సూసుకుంట కూసునేటందుకు నాకేం పని లేదనుకున్నవా? ఇసొంటి మొద్దు మొఖాలన్ని నాకే దొరుకుతయి" అన్నాను, వార్డంతా వినేటట్టు.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెంప మీద తోలు లేదు, ఆ కన్నీళ్ళు జారితే మండుతుంది. అయినా తుడుచుకోలేదు, తుడుచుకుంటే ఇంకా మండుతుంది. ఆడవాళ్ళ వార్డు గుమ్మం బయట నిలబడ్డ భర్త విని, తన పేరు తనే చెప్పాడు. రాసుకున్నాను. డ్యూటీలో ఉన్న సిస్టర్ నా చెవిలో, "అక్కా, నువ్వు చెప్తవా మీ ఆయన పేరు?" అంది. "నన్ను ఎవ్వలడిగిండ్రు?" అన్నాను. నిజం చెప్పాలంటే, మా పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఆయన్ను 'ఇగో' అనే పిలిచేదాన్ని. రేషన్ కార్డు దగ్గర కూడా మా పాపతో చెప్పించాను. అది వేరు, ఇది వేరు అనుకున్నాను.

ఆ రోజు నుంచి అడగడం మానేశాను. సంచి మీది పేర్లు రెండూ నేనే చదివేదాన్ని, ఆమె తల ఊపేది. అడిగినట్టూ అయింది, ఆమె సిగ్గు ఆమెకు మిగిలింది, నా టైమూ మిగిలింది. ఎంత తెలివిగల దాన్నో అనుకున్నాను.

మూడోసారి అయ్యాక కొత్త పొక్కు ఒక్కటీ రాలేదు. వీపు మీద పాత పుండ్లు అంచుల నుంచి మానడం మొదలుపెట్టాయి. గంజి రెండు గుక్కలు మింగింది. సారు ఆ రోజు మా గదికి వచ్చి, కుర్చీ తిప్పి కూర్చుని, చిన్నపిల్లాడిలా కాళ్ళు ఊపాడు. ఈ మాట దవాఖానంతా పాకింది. పాలకుర్తి వైపు నుంచి వచ్చిన ఇంకొకామెకు ఒంటి నిండా ఊదా మచ్చలు, చిగుళ్ళ నుంచి రక్తం, మాట తడబడుతోంది. అదీ అరుదైన రక్తం జబ్బే, దానికీ ఈ వైద్యమే చేసి చూద్దామన్నారు అవతలి వార్డు డాక్టర్లు. ఆమెదీ ఇదే పేరు. ఈమెది ఓ గ్రూపు, ఆమెది బి.

నాలుగోసారి నాడు ఇద్దరికీ ఒకే పూట పడింది. పొద్దున్నుంచి కరెంటు వస్తోంది, పోతోంది. గిర్నీలో సంచి పెడితే ఎదురుగా అంతే బరువు ఇంకోటి పెట్టాలి, లేకపోతే యంత్రం ఊగి విరుగుతుంది. ఎప్పుడూ నీళ్ళ సంచి పెట్టేదాన్ని. ఆ రోజు, మళ్ళీ కరెంటు ఎప్పుడు పోతుందో అని, ఒకామె సంచికి ఎదురుగా రెండో ఆమె సంచి పెట్టాను. రెండూ ఒకే తిప్పుడులో అయిపోతాయి కదా. ఇప్పుడైతే ఆ పని ఎవరినీ చేయనివ్వను. అప్పుడు మాత్రం నా తెలివికి నేనే మురిసిపోయాను.

తిరగడం ఆగగానే రెంటి నీళ్ళూ పిండేశాను. ఒక దాన్ని ట్రేలో పెట్టుకుని పరుగున వార్డుకు వెళ్ళాను. సారు ఓపీలో ఉన్నాడు. భర్త ఆకుల కోసం వెళ్ళి ఇంకా రాలేదు. సంచి కడ్డీకి తగిలించి, పట్టీ మీది పేరు చదివాను. ఆ వెనకే భర్త పేరు చదివాను. పొద్దున్నుంచి ఇద్దరి పేర్లూ, ఇద్దరు మొగుళ్ళ పేర్లూ నా నోట్లో నలుగుతూనే ఉన్నాయి. ఏది ఎవరిదో నా చెవి పట్టలేదు. గ్రూపు చూడలేదు. కేస్ షీట్ తెరవలేదు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"మళ్ల మొదలువెట్టినవా?" అన్నాను. "మూడుసార్లు మంచిగనే ఊపినవు, ఇయ్యాల ఏం గత్తర తెచ్చినవు? చేతులు కదిలియ్యకు."

ఆమె నన్ను చూసింది. నోరు తెరవబోయింది. నేను కళ్ళెర్రజేశాను. నోరు మూసుకుంది. ట్యూబు కలిపి, దాన్ని బిగించి ఉంచిన పట్టు వదిలాను. ఎరుపు కిందికి దిగింది.

అప్పుడు ఆమె ఒక పేరు అరిచింది.

ఆ పుండ్ల నోటితో అంత గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. మొదట ఎవరినో పిలుస్తోందనుకున్నాను. మళ్ళీ అరిచింది. పెదవి చిట్లి గడ్డం మీదికి రక్తం కారింది. "నా పెనిమిటి పేరు గది! నువ్వు సదివింది ఎవ్వలదో! పరాయోని పేరు!"

పట్టు బిగించి, ట్యూబు లాగేశాను. సంచి తిప్పి చూశాను. బి. నా చేతిరాతే, నల్ల సిరాతో, ఎంత పెద్దగా రాశానో! గుడ్డిదానికి కూడా కనబడేది.

ట్యూబులో కొలిచి చూస్తే రెండు మూడు చెంచాలు లోపలికి పోయి ఉండాలి. అంత చాలు. కాసేపటికి ఆమెకు వణుకు మొదలైంది. నడుము పట్టుకుని మూలిగింది. నేను ఓపీ దాకా పరుగెత్తాను. చెప్పులు ఎక్కడ ఊడిపోయాయో తెలియదు. క్యూలో ఉన్నవాళ్ళందరి ముందే, "సార్, తప్పు సంచి పెట్టిన. నేనే" అన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. వార్డుకు వచ్చి, సూదులు వేసి, సెలైన్ ధారగా వదిలాడు. అన్నీ అయ్యాక నెమ్మదిగా అడిగాడు. "అక్కా, ఇంతకుముందు మూడుసార్లు గూడ గిట్లనే చూసినవా?"

"గిట్లనే" అన్నాను.

"మూత్రం జూస్తుండు. నల్లగొస్తే కిడ్నీలు పోయినట్టే. ఈ ఒంటితోని ఆమె తట్టుకోది" అని బయటికి వెళ్ళాడు.

మధ్యాహ్నమంతా ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. మంచానికి కట్టిన మూత్రపు గాజు సీసా కేసే చూస్తూ. మొదటిసారి వచ్చింది టీ డికాక్షన్ రంగులో ఉంది. దేవా, దేవా అనుకోవడం తప్ప ఇంకో ప్రార్థన గుర్తు రాలేదు. రెండోసారికి చాలాసేపు ఒక్క చుక్క రాలేదు. గంట గడిచింది. సిస్టర్ వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఎప్పుడూ నన్ను ఏదో ఒకటి అనే మనిషి ఏమీ అనకుండా వెళ్ళడం చూస్తే, ఇక ఆశ లేదేమో అనిపించింది. సెలైన్ ఇంకో సీసా మార్చాను.

ఆమె గోడ వైపు తిరిగి ఏడుస్తోంది. చచ్చిపోతానని ఏడుస్తోందనుకుని, "ఏం గాదు చెల్లె, ఫికర్ చెయ్యకు" అన్నాను. నా గొంతు నాకే అబద్ధంగా వినబడింది.

"నాకు గాదు" అంది. మాటకు మాటకు మధ్య ఆగి. "మొగని పేరు దీస్తే ఆయనకు ఆయుష్షు తగ్గుతదంటరు. రెండుసార్లు తీసిన. గట్టిగ తీసిన. ఇంక రాలేదు సూడు ఆకులకు వొయ్యి. ఏమన్న అయిందా?"

నేను తనను చంపబోయాను, తనేమో మొగుడికేమన్నా అవుతుందేమోనని ఏడుస్తోంది. ఆ నమ్మకాన్ని నేను జీవితమంతా ఎగతాళి చేశాను. ఆ పూట మాత్రం వార్డు గుమ్మం వైపు పదిసార్లు చూశాను. సైకిలు మనిషి కనబడితే చాలు.

సాయంత్రం నాలుగు దాటాక వచ్చాడు. సైకిలు టైరు పగిలి, కాజీపేట నుంచి తోసుకుంటూ నడిచి వచ్చాడట. చంకలో ఆకుల కట్ట. అతన్ని చూసి ఆమె కళ్ళు మూసుకుంది. కాసేపటికి సీసాలోకి చుక్క చుక్క వచ్చింది. వెలుతురుకు ఎత్తి చూశాను. లేత ఎరుపు. ఆ తర్వాతది గడ్డి రంగు. ఆ సీసా పట్టుకుని వరండాలో నిలబడి బిగ్గరగా ఏడ్చాను. సిగ్గూ శరమూ ఏమీ లేకుండా.

సారు అతనికి అంతా చెప్పాడు, ఏదీ దాచలేదు. అతను అడిగాడు, "ఎవ్వల తప్పు?"

"నాది" అన్నాను.

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. అతను ఆకుల కట్ట కింద పెట్టి, నన్ను కాదు, సారును చూశాడు. "మిగిలినయి చేస్తరా, చెయ్యరా? గది చెప్పుండ్రి. ఆరు నిండకపోతే దక్కదని మీరే అన్నరు."

రెండు రోజులు ఆగి, మూడో రోజు మళ్ళీ మొదలుపెట్టారు. నన్ను తీసేస్తారనుకున్నాను. తీసేస్తే నా బదులు ఇంకెవరూ లేరు, గిర్నీ నడిపేది నేనొక్కదాన్నే. పాలకుర్తి ఆమె సంచి అలా నా చేతుల మీదుగా పాడైపోయింది. బదులుగా వేరేవాళ్ళ రక్తం ఇచ్చి, ఆమెను హైదరాబాదుకు పంపారు. అక్కడ నయమైందని తర్వాత కబురు వచ్చింది. ఆమె ఎదుట నిలబడి క్షమాపణ అడిగే అవకాశం మాత్రం నాకు రాలేదు.

సంచి, కేస్ షీట్ పట్టుకుని సిస్టరూ నేనూ కలిసి నెక్కొండ ఆమె మంచం దగ్గరికి వెళ్ళాము. నేను నోరు తెరవకముందే ఆమె తన పేరు చెప్పింది. భర్త పేరు చెప్పింది. ఊరి పేరు, గ్రూపు కూడా చెప్పింది. ఎవరిని అడిగి తెలుసుకుందో. వార్డంతా వినేటట్టు, నా కళ్ళలోకి చూస్తూ. పక్క మంచం ముసలామె నవ్వలేదు. పేర్లన్నీ చెప్పిన ఆమె చెయ్యి చాచి, సంచి మీది పట్టీని తన వైపు తిప్పుకుంది. చదువు రాదు. అయినా చాలాసేపు చూసింది. నా మీద నమ్మకం పోయింది. పోవాల్సిందే. ఆ తర్వాత ప్రతిసారీ అంతే, ప్రతి సంచికీ అంతే.

ఆరు నిండాయి. ఇంకో నెలకు ఒంటి మీద కొత్త తోలు వచ్చింది, లేత గులాబీ రంగులో. ఇంటికి పోయే రోజు చీర కట్టుకుని కూర్చుంటే ఆమెను గుర్తు పట్టలేదు. సారు కాళ్ళకు మొక్కింది. సిస్టర్ చెయ్యి పట్టుకుంది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను, లోపలికి పోయే మొహం లేక. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగింది. భర్త ముందుకు నడిచిపోయాక, అతనికి వినబడకుండా అంది.

"అక్కా, ఆయన పేరు ఎన్నిసార్లు తీసిన్నో లెక్క లేదు. నువ్వే తీయించినవు. ఆయనకు ఏం గాకుండ నువ్వు మొక్కుకో."

మొక్కుకుంటానని చెప్పాను. మా వాళ్ళు మొక్కుకోరు, ప్రార్థన చేస్తారని ఆమెకు చెప్పలేదు. ఇప్పటికీ ఆదివారం చర్చిలో అందరూ కళ్ళు మూసుకున్నాక, నా భర్త కోసం, పిల్లల కోసం అడిగాక, నెక్కొండ అవతలి ఆ మనిషి పేరు పెట్టి, ఆయనకు ఆయుష్షు ఇమ్మని అడుగుతాను.